వినికిడి బాగానే ఉంది

ఆ ఇరవై మూడు కాగితాలనూ నేను ఒక్క మధ్యాహ్నంలో నింపేశాను. దాచుకోవడానికేమీ లేదు, అందరమూ అలాగే చేశాము. అది రెండువేల మూడో సంవత్సరం, ఏప్రిల్ నెల. అంగన్‌వాడీకి వచ్చే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో ఎవరికైనా చూపులోనో వినికిడిలోనో నడకలోనో మాటలోనో లోపం ఉంటే, పెద్దబడిలో చేరకముందే కనిపెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లకొక కాగితం, కాగితానికి పది ప్రశ్నలు. ఇంటింటికీ వెళ్ళి తల్లిని అడిగి, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని చూసి రాయమన్నారు. సెక్టారు మీటింగులో సూపర్‌వైజర్ మేడం ఆ కట్టలు మా చేతుల్లో పెట్టి, "సోమవారానికి కావాల" అన్నది. ఆ రోజు శుక్రవారం.

మరునాటి మధ్యాహ్నం ఆయా గిన్నెలు కడుగుతోంది. పిల్లలు చాపల మీద నిద్రపోతున్నారు. నేను రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. పేరు, తండ్రి పేరు, వయసు. లోపం ఉందా? లేదు. లేదు. లేదు. కాలు ఈడ్చి నడిచే ఎల్లప్ప మనవడి కాగితంలో మాత్రం ఉందని రాశాను, అది ఊరంతా చూస్తున్నదే కనుక. మా బావ కూతురు జాహ్నవి కాగితం దగ్గర కూడా నా పెన్ను మొదట ఆగలేదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా? పలుకుతుంది. వినికిడి ఎలా ఉంది? బాగానే ఉంది. మాట ఎలా ఉంది? ఇక్కడ కొంచెం తటపటాయించి 'ఆలస్యం' అని రాశాను. మేడం ఏమైనా అడుగుతుందేమోనని మళ్ళీ కొట్టేసి 'బాగుంది' అని రాశాను. కింద సంతకం పెట్టాను. బి. దేవకమ్మ, కార్యకర్త.

జాహ్నవికి అప్పటికి నాలుగేళ్ళు దాటి రెండు నెలలు. నా కూతురు లోహిత దానికంటే మూడు నెలలు చిన్నది. ఇద్దరూ ఒకే ఉయ్యాలలో పెరిగారు. కార్వేటినగరం నుంచి ఎనిమిది మైళ్ళు లోపలికి పోతే మా ఊరు. ఇంట్లో మా అత్త తిరుమలమ్మ, పెద్దకొడుకు దొరస్వామి బావ, ఆయన భార్య చంద్రకాంతమ్మ, మేము. మామిడి తోట, చెరకు మడులు బావ చూసుకునేవాడు. మా ఆయన మునిశేఖర్ రేణిగుంటలో ఒక గోడౌనులో పనిచేస్తూ శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి వెళ్ళేవాడు. అందరికీ పొయ్యి ఒకటే. పొద్దున తొమ్మిదికి నేను ఇద్దరు పిల్లల్నీ చెరొక చేత్తో పట్టుకుని సెంటరుకు పోతే, చంద్రకాంతమ్మ అక్క వంట చేసి నా వంతు మూతపెట్టి ఉంచేది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో మా ఇద్దరి మధ్య మాట తేడా వచ్చింది లేదు.

మే మొదటి వారంలో నాకు దవడ పన్ను వాచింది. పుత్తూరు వెళ్ళి పీకించుకున్నాను. బుగ్గ ఉబ్బి మొహం ఒక పక్కకు పోయింది. పిల్లలు చూసి నవ్వుతుంటే, కొంగు నోటికి అడ్డం పట్టుకుని ఆ వారమంతా పాటలూ పాఠాలూ చెప్పాను.

ఆ వారంలోనే జాహ్నవి మొండికేసింది. అప్పటిదాకా పలక తీయమంటే తీసేది, చేతులు కడుక్కోమంటే వెళ్ళేది. ఇప్పుడు పలక తీయమంటే నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేను ఇంకోసారి చెప్పాను. మరోసారి చెప్పాను. మూడో రోజు నొప్పికి కోపం తోడై వీపు మీద ఒక్కటి వేశాను. అది ఏడవలేదు. లేచి నా దగ్గరికి వచ్చి, రెండు వేళ్ళతో నా కొంగు కిందికి లాగి, నా నోటివైపు చూస్తూ నిలబడింది.

కొంగు వదిలేసి ఇంకోసారి చెప్తే, పోయి పలక తీసింది.

తరువాత నాలుగు రోజులు దాన్ని కనిపెట్టి చూశాను. ఐస్ బండివాడు బూర ఊదితే పిల్లలందరూ లేచేవాళ్ళు. వాళ్ళు లేచాక జాహ్నవి లేచేది. నేను జానూ అని పిలిస్తే లోహిత దాని చెయ్యి పట్టి లాగేది. రెండేళ్ళుగా అది పిలుపుకు వస్తోందనుకున్నాను. వచ్చింది పిలుపుకు కాదు, నా కూతురు లాగితే. లోహితను ఆయా వెంట బావి దగ్గరికి పంపి, వెనక నుంచి పిలిచాను. చప్పట్లు కొట్టాను. జాహ్నవి చింతగింజలు వరసగా పేర్చుకుంటూనే ఉంది.

మరునాటి సాయంత్రం వసారాలో ఊరగాయకు కాయలు కోస్తున్నాము. అత్త ఆవాలు చెరుగుతోంది.

"అక్కా, జానూకు సరిగ్గా వినపడదేమోనని నాకు అనుమానంగా ఉండాది" అన్నాను.

కత్తిపీట మీద అక్క చెయ్యి ఆగింది. "అదేం మాట? బువ్వకు పిలిస్తే వస్తాది గదా."

"లోహిత లాక్కొస్తాది అక్కా. లోహిత ల్యాకుండా పిల్సి సూడు."

జాహ్నవి పెరట్లో మాకు వీపు పెట్టి మట్టిలో పుల్లలు గుచ్చుతోంది. అక్క కూర్చున్నచోటు నుంచే పిలిచింది. కొంచెం గొంతు పెంచి మళ్ళీ పిలిచింది. మూడోసారి లేచి వసారా అంచు దాకా వెళ్ళి పిలిచింది. పిల్ల తిరిగి చూసింది.

"సూసినావా?" అన్నది అక్క.

"నీ నీడ దాని ముందర పడింది అక్కా. నీడను సూసి తిరిగింది."

ఆ మాట అప్పుడు అనకుండా ఉండాల్సిందేమో. ఆమె మొహంలో రంగు మారింది. ఆమె గొంతు పెంచలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నీ కూతురు గడగడా మాట్లాడతాదని, నా కూతురికి చెవుడు అంటగడతావా దేవకీ? రెండేండ్లుగా నీ తావే గదా అది కూర్చునేది. ఇన్ని దినాలు కనపడంది ఈ దినం కనపడిందా నీకు?"

అత్త చేట పక్కన పెట్టింది. "వాళ్ళ నాయన అయిదేండ్లు నిండేదాకా నోరు తెరవలా. ఈ ఇంటి పిలకాయలు అంతే మే. ఇప్పుడు దొరసామికి ఏం తక్కువైంది? తిరుచానూరు అమ్మకు మొక్కుకున్నా, ఆయమ్మే మాటలిస్తాది. ఆడబిడ్డ మీద లేనిపోనిది చెప్పి ఊరి నోట్లో వెయ్యొద్దు."

శనివారం వచ్చిన మునిశేఖర్‌తో చెప్తే, ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "కాగితంలో బాగుందని రాసేసినావు గదా, మళ్ళా ఇది ఎందుకు ఎత్తుకున్నావు? ఇంట్లో ఆడోళ్ళు మొహాలు తిప్పుకుంటే నేను యాడ కూర్చోని అన్నం తినాల?" అన్నాడు.

ఆ కాగితమే నన్ను తింటోంది. తరువాతి మీటింగులో మేడం దగ్గరికి పోయి, మా సెంటరు కాగితం ఒకటి మార్చాలన్నాను.

"ఏం మార్చాల?"

"వినికిడి కాడ, మేడం. ఒక పాపకు లోపం ఉండాది. నేను సరిగ్గా సూడకుండా రాసినా."

ఆమె కళ్ళజోడు తీసింది. "లెక్కలు జిల్లాకు పోయినాయి. మన సెక్టారులో వినికిడి లోపం సున్నా. ఇప్పుడు ఒకటి ఉండాదంటే, అప్పుడు ఏం సూసినారని నన్ను నిలదీస్తారు. సంతకం నీదే గదా?"

"నాదే మేడం."

"మరి? వచ్చే ఏడు మళ్ళా సర్వే ఉంటాది. అప్పుడు రాయి."

"వచ్చే ఏడుకు దానికి అయిదేండ్లు దాటుతాయి మేడం."

ఆమె నావైపు చూసి, ఏమనుకుందో ఏమో, జూన్ రెండో వారంలో డాక్టర్లు వచ్చి క్యాంపు పెడతారు, పిల్లను తీసుకురా, వాళ్ళు రాసిస్తే చూద్దాం అన్నది.

అక్కను ఒప్పించడం నా వల్ల కాలేదు. చివరికి సంగటి తింటున్న బావ ముందు నిలబడి అడిగాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. మళ్ళీ చెప్పాను. "తీస్కోని పోండి" అన్నాడు, అంతే. ఆయనెప్పుడూ అంతే. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఊళ్ళో పొగరనుకునేవాళ్ళు.

బావ మాట కాదనలేక అక్క కూడా మాతో వచ్చింది. క్యాంపు ఒక స్కూలు వరండాలో పెట్టారు. రేకుల కింద నూటనలభై మంది పిల్లలు, వాళ్ళ తల్లులు. ఏడుపులు, కేకలు. ఒక్కడే డాక్టరు, పన్నెండు గంటలకు ఇంకో ఊరికి పోవాలట. మా వంతు వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. జాహ్నవి గడ్డం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, "నీ పేరేంటి పాపా?" అని అడిగాడు. అది ఆయన పెదాలవైపు కళ్ళార్పకుండా చూసి "దావి" అన్నది. ఆయన దాని కళ్ళ ముందే రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. అది రెప్ప వేసింది.

"వింటోంది, పలుకుతోంది. ఏమీ లేదమ్మా" అన్నాడు.

"సార్, వెనకమాలగా పిల్సి సూడండి. లేదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని అడగండి."

ఆయన నన్ను చూశాడు. విసుగు కంటే అలసటే ఎక్కువ ఉంది ఆ మొహంలో. "నువ్వు చూడమ్మా అయితే, నేను పక్కకు జరుగుతాను" అన్నాడు. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. చీటీ మీద 'నార్మల్' అని రాసి ఇచ్చాడు.

నేను చేయి చాపేలోపు అక్క ఆ చీటీ అందుకుంది. బస్సులో నాకు దూరంగా ముందు సీట్లో కూర్చుంది. మరునాటికి వీధిలో అందరికీ ఆ చీటీ సంగతి తెలుసు. నీళ్ళ కొళాయి దగ్గర పక్కింటి వరలక్ష్మమ్మ నాకు వినపడేలా, "పెద్ద డాక్టరమ్మే గదా మన ఊర్లో ఉండేది" అన్నది. ఆ రోజు నుంచి జాహ్నవి సెంటరుకు రాలేదు. పది రోజులకు అక్క ముందు గదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. అత్త అక్కడే తిన్నది. లోహిత రెండు పొయ్యిల మధ్య కంచం పట్టుకుని నిలబడి, "నేను జానూ కాడ తింటా" అంటే లోపలికి లాక్కొచ్చి కొట్టాను. నా కోపం ఎవరి మీదో నాకే తెలియదు. కాగితం నేను రాసిందే, చీటీ డాక్టరు రాసిందే. ఇద్దరం కలిసి ఒక పిల్ల చెవుల్ని కాగితం మీద బాగుచేసి పెట్టాము.

జూన్ చివర్లో జాహ్నవిని కార్వేటినగరం కాన్వెంటులో వేశారు. నీలం గౌను, మెడలో టై, ఆటోలో పంపేవాళ్ళు. పొద్దున అది ఆటో ఎక్కేటప్పుడు లోహిత కోసం వెనక్కి తిరిగి చూసేది.

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, బావ సెంటరుకు వచ్చాడు. ఆ గడప తొక్కడం ఆయన అదే మొదలు. తోటలో కాయలు దింపుతున్న రోజులు, లారీ నిలబడి ఉంటుంది, ఆయన అక్కడ లేకుండా ఇక్కడికి వచ్చాడంటే ఏం జరిగిందోనని లేచి నిలబడ్డాను. తువ్వాలు తీసి మెట్టు మీద వేసుకుని కూర్చున్నాడు.

"బళ్ళో దాన్ని కొట్టినారు" అన్నాడు. "అరచేతులు కమిలిపోయిండాయి. చెప్పింది వినదంట."

నేను గడప ఇవతల కూర్చున్నాను.

"నన్నూ కొట్టేవోళ్ళు."

ఆయన నా నోటివైపు చూస్తున్నాడు. ఆరేళ్ళుగా ఆయన అలా చూస్తాడనే నేను ఎదురుపడినప్పుడల్లా తల దించుకునేదాన్ని, కొంగు సర్దుకునేదాన్ని. ఆ రోజు తల దించుకోలేదు.

"అయ్యవారు నల్లబల్ల తట్టు తిరుక్కోని చెప్తా ఉంటే నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. మొద్దన్నారు. మూడో క్లాసులో మానేసినా. ఎడమ చెవి మొదట్నించీ ల్యా. కుడిది సగం ఉండాది. ఎదురుగా నిలబడి మాట్లాడితే సరిపోతాది. తోటలో ఎవురితో మాట్లాడాల? చెట్లే గదా."

"అక్కకు తెలుసా బావా?"

"చెప్పలా. పెండ్లప్పుడు చెప్పొద్దనింది మా యమ్మ. ఆ పొద్దు దాటిపోయినాక ఇంక ఏమని చెప్తాం?"

అత్త అన్న మాట అప్పుడు అర్థమైంది. వాళ్ళ నాయనా అంతే అని ఆమె నాతో వాదించలేదు, ఆమెకు తెలిసిన నిజం చెప్పింది. ఒక కొడుకును ముప్పై ఏళ్ళు దాచింది, ఇప్పుడు మనవరాలిని దాస్తోంది. ఇంటికి పోయి ఆమెను పట్టి కుదిపి అడగాలన్నంత ఆవేశం వచ్చింది. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి ఊరుకున్నాను.

"తిరుపతిలో చెవి పరీక్ష యాడ చేస్తారు?" అని అడిగాడు.

బావ ఇంట్లో ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆ రాత్రి ముందు గదిలోంచి అక్క గొంతు వినపడలేదు, అత్త గొంతూ వినపడలేదు. తెల్లారి ఆయన జాహ్నవిని భుజాన వేసుకుని బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను కూడా ఎక్కాను.

పెద్దాసుపత్రికి మూడుసార్లు తిరిగాము. మొదటి రోజు చీటీలు అయిపోయాయి. రెండో రోజు కరెంటు లేదు. మూడోసారికి వంతు వచ్చింది. తలుపు మూస్తే బయటి శబ్దం రాని చిన్న గది. పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక పూస వెయ్యాలని ఆటలాగా చేసి చూపించింది. జాహ్నవికి ఆట అర్థమైంది. పూస పట్టుకుని, వెయ్యడానికి సిద్ధంగా, చాలాసేపు ఎదురుచూస్తూ కూర్చుంది. అద్దంలోంచి అది చూస్తూ బావ గోడకు ఆనుకున్నాడు.

బయటికి వచ్చి ఆ అమ్మాయి గీతలు గీసిన కాగితం చూస్తూ చెప్పింది. రెండు చెవులూ బాగా తక్కువ, చెవి మిషను పెడితే చాలావరకు వినపడుతుంది, మాటలు నేర్పాలి, కష్టపడాలి. "మూడేళ్ళు రాకముందే తెచ్చుంటే మాట ఇంకా సులువుగా వచ్చేది. ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదా? అంగన్‌వాడీకైనా పంపలేదా?"

ఆమె తల దించుకుని మాట్లాడుతుండటంతో బావకు అందలేదు. నావైపు తిరిగి, ఏమంటోందని కళ్ళతో అడిగాడు.

"పంపినారు" అన్నాను ఆమెతో. "రెండేండ్లు వచ్చింది. నా తావకే."

ఆమె బావకు ఇంకొకసారి చెప్పింది, ఈసారి ఆయన మొహంలోకి చూస్తూ. చెప్పి, "మీరు కూడా లోపల కూర్చోండి, చూస్తాను" అన్నది.

మిషను వచ్చేసరికి జూలై నెలాఖరైంది. అగ్గిపెట్టెకు రెండింతలుండే పెట్టె, దాన్నుంచి చెవికి తీగ. జాహ్నవికి పెట్టిన మొదటి రోజే చెవులు మూసుకుని ఏడ్చింది. లోకంలో ఇంత రొద ఉందని దానికి ఎవరు చెప్పారు కనుక. పీకి పారేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ పీకింది. అక్క దాన్ని తీసి అల్మారాలో పెట్టి, "నలుగురూ సూస్తే దాని బతుకేం కావాల?" అన్నదని లోహిత వచ్చి చెప్పింది. నాలుగు రోజులు మిషను అల్మారాలోనే ఉంది. నేను పోయి అడగలేను, అడిగితే రెండు గదుల మధ్య ఉన్న తలుపు కూడా మూసేస్తుంది. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

అయిదో రోజు బావ ఒక్కడే తిరుపతి పోయి, తనకూ అలాంటిదే ఒకటి తెచ్చుకున్నాడు. చొక్కా జేబులో పెట్టె, చెవిలో తీగ. అలాగే వీధిలో నడిచాడు. అలాగే నీలం మామిడికాయల లోడుతో పుత్తూరు మండీకి పోయాడు. అది ఆదివారం, మా ఆయన కూడా లారీలో ఉన్నాడు. మండీలో కుప్పయ్య అనే దళారి అందరి ముందర, "ఏమప్పా దొరసామీ, రేడియో పెట్టుకున్నావా?" అన్నాడట. జనం నవ్వారట. బావ జేబు తడుముకుని, "అవునబ్బా. ముప్పై ఏండ్ల వార్తలు మిగిలిపోయిండాయి, ఇప్పుడు వింటా ఉండా" అన్నాడట. ఆ మాట నాకు చెప్తూ మునిశేఖర్ ఆగిపోయాడు. "మా అన్నకు వినపడదని నాకే తెల్దు దేవకీ" అన్నాడు. "ఒకే మంచం మీద పండుకుంటిమి."

జాహ్నవి వాళ్ళ నాయన జేబులో పెట్టెను పట్టి చూసింది. ఆయన దాని పెట్టె తెచ్చి దాని చేతిలో పెట్టాడు. బలవంతం చేయలేదు. ఆయన పెట్టుకున్నప్పుడు అదీ పెట్టుకునేది, తీసినప్పుడు తీసేది.

ఆగస్టు రెండో సోమవారం బావ కాన్వెంటు మాన్పించి దాన్ని సెంటరు గడప దగ్గర దించి వెళ్ళాడు. దాని గౌనుకు గుండెల మీద కొత్త జేబు ఉంది. పెట్టె ఊగకుండా సరిగ్గా పట్టేంత జేబు, పైన మూతకు గుండీ, తీగ బయటికి రావడానికి చిన్న రంధ్రం, దాని చుట్టూ దగ్గర దగ్గరగా కాజా కుట్టు. ఆ కుట్టు ఎవరిదో నాకు తెలుసు. మరునాడు వేసుకొచ్చిన గౌనుకూ ఉంది, ఆ మరునాటిదానికీ ఉంది.

అక్క నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. పొయ్యిలు రెండూ రెండుగానే మండాయి. అత్త నన్ను చూస్తే మొహం తిప్పుకునేది, అక్కతోనూ సరిగ్గా ఉన్నట్టు లేదు. ఇల్లంతా ఎవరి కోపం వాళ్ళు మోసుకుని తిరుగుతున్నట్టు ఉండేది.

ఒక సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే గోడ అవతల నుంచి అక్క గొంతు వినపడింది.

"చెంబు. నా మొహం సూడు. చెం... బు."

అవతల ఏమీ వినపడలేదు. మళ్ళీ అక్కే. "చెంబు." మళ్ళీ. మళ్ళీ. ఆమె పొయ్యి మీద ఎసరు పొంగి నిప్పుల్లో పడుతున్న చప్పుడు నాకు తెలుస్తోంది, ఆమె లేవలేదు. నేను చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఎన్నోసారికో జాహ్నవి "తెంబు" అన్నది.

"తెంబు కాదమ్మా" అన్నది అక్క. "చెంబు." మళ్ళీ మొదలుపెట్టింది.